కంబళి వాసన

పొద్దు పొడవకముందే, నిడుగల్లు కొండ ఇంకా నల్లగా ఉండగానే రామాంజినమ్మ లేచి, మొహం తుడుచుకుని, కిటికీ ఊచల మధ్యనుంచి కుడిచెయ్యి బయటికి చాపేది. చాపి ఊరుకునేది. పిలవడం, చిటిక వేయడం ఏమీ లేదు. రాత్రంతా గొర్రెల దొడ్డికి కాపలా ఉన్న కరియ ఒళ్లు విదిలించుకుంటూ వచ్చి, ఆ చేతిని వేళ్ల కొసలనుంచి మణికట్టు దాకా వాసన చూసి, తడిముక్కు ఒకసారి ఆనించి వెళ్లేవాడు. అప్పుడు ఆమె చెయ్యి లోపలికి తీసుకుని, కొండమీది గుడి దిక్కుకు తిరిగి దండం పెట్టుకునేది.

"దేవునికంటే ముందు కుక్కకు చెయ్యి చూపిస్తావేమే?" అని పక్కింటి రంగక్క ఎగతాళి చేసేది.

"దేవునికి నేను ఎట్లున్నా గుర్తే అత్తా. వీనికి దినామూ గుర్తు చేయాల్ల" అనేది రామాంజినమ్మ.

ఆమె ఉండే గది మొదట మనుషుల కోసం కట్టింది కాదు. వేరుశనగ మూటలు వేసుకోవడానికి వాళ్ల నాయన హొన్నూరప్ప కట్టించుకున్న కొట్టు. గొర్రెలు కాసుకునే వంశమే అయినా, ఎనభైల మొదట్లో చుట్టుపక్కల ఊళ్లన్నీ వేరుశనగలోకి దిగినప్పుడు ఆయనా మంద తగ్గించుకుని ఉన్న చేను మొత్తం కాయ వేశాడు. మొదటి రెండు మూడేళ్లు కొట్టు కప్పు దాకా నిండింది. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగే వేళకు ఒక్క తడుపు లేక, తీగ పీకితే ఉత్త వేరే వచ్చేది. ఏడాదికేడాది మూటలు తగ్గుతూ, తొంభై ఒకటో సంవత్సరానికి కొట్టులో ఎలుకలు కూడా లేకుండా పోయాయి. ఆ ఎండాకాలమే రామాంజినమ్మకు ఒళ్లంతా పొక్కులు లేచి అమ్మ పోసింది.

అప్పుడామెకు పదిహేనేళ్లు. అదే వీధిలో ఇంకో నలుగురికి పోసింది. వాళ్లందరూ పది రోజులకు వేపాకు నీళ్లు పోసుకుని, అమ్మకు చల్ది నైవేద్యం పెట్టి ఆటల్లో పడ్డారు. రామాంజినమ్మకు మాత్రం నలభై రోజులు దిగలేదు. కనురెప్పల లోపలా, నాలుక మీదా, గొంతులోనూ పొక్కులే. ఊపిరి ఆడని రోజున తల్లి లేని బిడ్డను హొన్నూరప్ప భుజాన వేసుకుని బస్సు దగ్గరికి పరుగెత్తాడు. ఆ బస్సులో కండక్టరు వెనక సీటు మొత్తం ఖాళీ చేయించి ఆమెను పడుకోబెట్టాడు. డ్రైవరు గుంత వచ్చిన ప్రతిచోటా బండిని నిలిపినంత పని చేసి, మెల్లగా దాటించాడు. అమ్మ పోసిన మనిషిని బస్సెక్కించారేమని ఒక్కరూ అనలేదు. పావగడలో ధర్మాసుపత్రి డాక్టరమ్మ ఆమెను బతికించింది.

రెండేళ్లకు మళ్లీ జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు తగులుకుంది. ఆ తర్వాత ఏడాదిలో నోటి పుండ్లు గొంతులోకి దిగి, గంజి కూడా మింగనివ్వలేదు. మూడోసారికి డాక్టరమ్మకు అనుమానం వచ్చి, రక్తం తీసి బెంగళూరు పంపింది. అక్కడినుంచి కాగితం వచ్చాక జీపులో తానే ఇంటికి వచ్చి చెప్పింది. "ఒంట్లో కాపలా కాసే కణాలు చాలా రకాలుంటాయి. అందులో ఒక జాతి ఈ అమ్మాయికి దాదాపు లేదు. అది లేనివాళ్లకు అమ్మ పోయడంలాంటి జబ్బులు అగ్గిలా అంటుకుంటాయి. దాన్ని తెచ్చిపెట్టే మందు ఇంకా లేదు. గుంపుల్లోకి పంపొద్దు. వీధిలో ఎవరికి అమ్మ పోసినా తలుపు వేసుకోవాల. లోపలికొచ్చే వస్తువునల్లా సబ్బుతో, మందునీళ్లతో కడగాల."

"ఎన్నాళ్లు డాక్టరమ్మా?" అని అన్న ఓబన్న అడిగాడు.

డాక్టరమ్మ సంచి తీసుకుని భుజానికి తగిలించుకుంది.

అప్పటినుంచి ఆ కొట్టే ఆమెకు ఇల్లు. తలుపు గొళ్లెం బయటి వైపే ఉండేది, మూటల కొట్టు కాబట్టి. లోపలికి మార్పిస్తానని హొన్నూరప్ప అంటే ఆమే వద్దంది. "నేను కుదురుగా ఉండేదాన్ని కాదు నాయనా. ఎవరు ఏడ్చినా పరుగెత్తిపోతాను. అమ్మ తిరిగే దినాల్లో మీరే బయట ఏసిపెట్టండి" అంది. అన్నది తానే అయినా, ఎండాకాలంలో ఆ ఇనుపగొళ్లెం పడే చప్పుడు వింటే ఆమె చేస్తున్న పని వదిలేసి కిటికీ దగ్గరికి పోయేది. కిటికీ ఒక్కటే. దానిలోంచి దొడ్డి, కొండ, రంగక్క ఇంటి గోడ ఒక మూల కనబడతాయి. ఎవరి అడుగులు ఎవరివో చప్పుడుతోనే చెప్పేది. జాతరకు ఉరుము వాద్యం వాయిస్తుంటే గోడకు చెవి ఆనించి వినేది. తన ఈడువాళ్లు చేలల్లో కాయ పీకడానికి గుంపుగా పోతూ పాడుకునే పాట, మలుపు తిరిగేదాకా ఆమెకు వినబడేది. మలుపు తర్వాతి చరణం ఏమిటో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

అయినా మనుషులు మంచివాళ్లు. రంగక్క రోజూ మజ్జిగ చెంబు వేడినీళ్లతో కడిగి మరీ కిటికీ గట్టున పెట్టేది. కూతురి పెళ్లి ఊరేగింపు వీధిలో పోతుంటే మేళాన్ని కొట్టు కిటికీ ఎదుట ఆపించి, "ఈడ రెండు పాటలు వాయించండప్పా, ఇంట్లో ఆడబిడ్డ ఉండాది" అని నిలబెట్టింది. పెళ్లికూతురు దూరంనుంచే చెయ్యెత్తి చూపింది. రామాంజినమ్మ ఆ సంగతి ఏళ్ల తరబడి చెప్పుకునేది.

అన్నిటికంటే దగ్గర కరియే. వాడు పుట్టినప్పుడు ఆమె ఇంకా బయట తిరుగుతున్న పిల్ల. దొడ్డికుక్కను పెంచే పద్ధతి వాళ్ల ఇళ్లలో ఒకటుంది. కళ్లు తెరవకముందే కూనను తెచ్చి, ఈనిన గొర్రె పొదుగుకు పట్టించి, గొర్రెపిల్లల మధ్య పడుకోబెడతారు. పెద్దయ్యాక అది తనను గొర్రె అనుకుంటుందో, గొర్రెల్ని కుక్కలనుకుంటుందో గాని, మందలోదాని జోలికి పోదు. కరియ నోటికి గొర్రెపాలు పట్టించేటప్పుడు గొర్రె కాలు కదలకుండా పట్టుకున్నది రామాంజినమ్మే. అయిదేళ్లలో వాడు తోడేళ్లను రెండుసార్లు తరిమాడు. పొరుగూరి కుక్క ఒకదాన్ని చంపాడు కూడా. సొంత దొడ్డి పిల్ల వాడి చెవి కొరికినా పడుకునే ఉండేవాడు.

తొంభై ఆరో సంవత్సరం మాఘమాసంలో ఒక గొర్రె ఈని, తెల్లారేసరికి చచ్చిపోయింది. మేత లేని ఏడు. దాని ఒంట్లో పాలూ లేవు, ప్రాణమూ లేదు. హొన్నూరప్ప ఆ పిల్లను కంబళి కొంగులో పెట్టుకుని కిటికీ దగ్గరికి తెచ్చాడు.

"నువ్వు సాకుతావా పాపా? నీకూ పొద్దుపోతాది."

ఆ మాటకు ఆమె ఏడ్చిందో నవ్విందో తెలియదు. తలుపు తీయగానే రెండు చేతులా అందుకుంది. డాక్టరమ్మ చెప్పింది గుర్తుంది కదా, ముందు నీళ్లు కాచి, సబ్బుతో రుద్ది, మందునీళ్లతో తుడిచింది. రోజూ అదే పని. సీసాతో మేకపాలు పట్టి, మూతి తుడిచి, మళ్లీ ఒళ్లు కడిగేది. నుదుట తెల్ల మచ్చ ఉందని దానికి చుక్క అని పేరు పెట్టింది. రాత్రి తన పాత చీర మడత మీద పడుకోబెట్టుకునేది. పదకొండు రోజులకు చుక్క గది ఈ మూలనుంచి ఆ మూలకు ఎగిరే స్థితికి వచ్చింది. అప్పుడే ఆ వీధి చివర ఒక ఇంటి గడపకు వేపమండలు కట్టారు. అమ్మ పోసిందన్నమాట. బయట గొళ్లెం పడింది.

"ఇంక దాన్ని మందలో ఇడుద్దాం. పాలిచ్చే గొర్రె ఒకటి ఉండాది, అంటగడతాను" అన్నాడు హొన్నూరప్ప. పిల్లను తీసుకుని, తలుపు వేసి, గొళ్లెం పెట్టి, దొడ్డి దిక్కు నడిచాడు. పొద్దు కుంకుతోంది. రామాంజినమ్మ ఊచలు పట్టుకుని నిలబడింది.

హొన్నూరప్ప పిల్లను కంప తడిక లోపల దించి, పాలగొర్రెను పట్టుకొచ్చేందుకు మందలోకి పోయాడు. కరియ లేచి వచ్చాడు. చుక్క మెడ వాసన చూశాడు. పొట్టకింద చూశాడు. తిరిగి మెడ దగ్గరికి వచ్చాడు. ఏదో పోగొట్టుకుని వెతుక్కునేవాడి తీరులో ముక్కు ఆడిస్తూనే ఉన్నాడు. వాడి తోక ఊగుతుందని ఆమె ఎదురుచూస్తోంది. అది ఊగలేదు. పుట్టి పదకొండు రోజులైనా కుక్కను ఎరగని చుక్క భయపడి, సన్నగా అరిచి, పరుగందుకుంది.

"కరియా" అని ఆమె పిలిచింది. మళ్లీ పిలిచింది. తలుపు మీద రెండు చేతులతో బాదింది. గొళ్లెం గలగలలాడింది గాని రాలేదు. గోవిందా అని మూడుసార్లు అనుకునేంతలో అంతా అయిపోయింది. హొన్నూరప్ప వచ్చేసరికి కరియ ఆ పిల్ల పక్కనే కూర్చుని ఉన్నాడు, తోడేలును తరిమినప్పుడు కూర్చున్నట్టే.

ఓబన్న మాట తక్కువ మనిషి. తాడు తెచ్చి కరియ మెడకు వేసి, బండిచక్రానికి కట్టాడు.

"గొంతు పట్టిన కుక్కను దొడ్లో పెట్టుకునేది లేదు నాయనా. మన తాతలనాటినుంచి అంతే గదా. రుచి మరిగినాది. రేపు ఇంకొకటి, ఎల్లుండి మందంతా" అన్నాడు. "సంతనాడు కొండ అవతలికి తోలుకపోతాను."

అవతలికి తోలుకుపోయి ఏం చేస్తాడో ఎవరూ అడగలేదు. గోడకు ఆనించి ఉన్న గొడ్డలి దిక్కు హొన్నూరప్ప ఒకసారి చూసి తల దించుకున్నాడు. సంతకు మూడు రోజులుంది.

మరునాడు పొద్దున రామాంజినమ్మ అలవాటుగా చెయ్యి బయటికి చాపింది. చక్రానికి కట్టేసిన కరియ లేచి, తాడు బిగిసేదాకా వచ్చి, అక్కడే నిలబడ్డాడు. చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. ఆ పొద్దు ఆమె దండం పెట్టుకోవడం కూడా మరిచింది.

రంగక్క పెట్టిన సంగటి ముట్టకుండా పగలంతా ఆమె చుక్క పడుకున్న చీర మడత ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్ల గుర్తుగా ఒకసారి వాసన చూద్దామని మొహానికి ఆనించుకుంది. సబ్బు వాసన. తిప్పి చూసింది. మందునీళ్ల వాసన. పదకొండు రోజులు పడుకున్న గొర్రెపిల్ల వాసన అందులో పోగంత కూడా లేదు. తన చెయ్యి వాసన చూసుకుంది. అదీ సబ్బే.

అప్పుడు ఆమెకు చిన్ననాడు చూసినది గుర్తొచ్చింది. దొడ్లో గొర్రె ఈనగానే నాయన చేసే మొదటి పని, దొడ్డి మట్టి గుప్పెడు తీసి పిల్ల ఒంటికి పూయడం. తర్వాత రాత్రుళ్లు మందలో కప్పుకునే పాత కంబళితో దాన్ని తుడిచేవాడు. ఆ తర్వాత కుక్క ముక్కు దగ్గర పెట్టి, ఇది మనది రా అనేవాడు. సంతలో కొనుక్కొచ్చిన పిల్లకూ అంతే. అది ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పుట్టిన బిడ్డకు దిష్టి చాదు పెట్టినట్టు, అదొక ఆనవాయితీ. చుక్కకూ పుట్టిన పొద్దే నాయన ఆ పని చేసి ఉంటాడు. దాన్ని పదకొండు రోజులు కడిగి కడిగి పోగొట్టింది తాను.

నిజం చెబితే కరియ బతకవచ్చు. కాని చుక్కను చంపింది తానేనని నోటితో చెప్పాలి. సాయంత్రం నాయన అడుగుల చప్పుడు వినగానే ఆమె చెప్పేసింది.

హొన్నూరప్ప ఊచలు పట్టుకుని, "నేను ఇంకొకసారి కంబళితో తుడిసి ఇడవాల్సింది. మర్సిపోతిని. నీ తప్పు కాదులే పాపా" అన్నాడు.

ఓబన్న మాత్రం ఒప్పుకోలేదు. "దానికి ముక్కే గాని కండ్లు లేవా? గొర్రెపిల్ల ఏదో, తోడేలేదో తెలీదా? చెల్లెలా, నీకు కుక్కమీద ఉండే మోహం మాట్లాడిస్తాండాది."

"వాడు దాన్ని తోడేలనుకోలేదన్నా. వెతికినాడు. మనది అనే వాసన యాడన్నా ఉందా అని వెతికినాడు. నేను చూసినాను."

"వెతికినాడంట. పోలీసు స్టేషన్లో రాయించుకోపో" అని ఓబన్న తాడు ముడి ఇంకాస్త బిగించి వెళ్లాడు.

సంతకు ముందురోజు డాక్టరమ్మ జీపు వచ్చింది. వారానికొకసారి ఆ దిక్కు పల్లెలు చూసుకుంటూ, చివర ఈ కిటికీ దగ్గర ఆగడం ఆమె అలవాటు. రామాంజినమ్మ ఉబ్బిన కళ్లు చూసి, జ్వరమేమోనని కంగారుపడింది. సంగతంతా విన్నాక మెల్లగా కిటికీ కింది బండమీద కూర్చుంది.

"రామాంజినమ్మా, నీ రక్తంలో ఏం లేదో నీకు ఎట్లా చెప్పాలా అని రెండేళ్లుగా వెతుక్కుంటున్నాను. నువ్వే చెప్తివి" అంది.

దొడ్లో తడిక కడుతున్న ఓబన్న చెయ్యి ఆపాడు.

"మన ఒంట్లో ఇంచుమించు ప్రతి కణం మీదా ఒక గుర్తుంటుంది. నేను ఈ దొడ్డిదాన్నే అని చెప్పే గుర్తు. కాపలా రెండు రకాలనుకో. ఒకటి పోలీసువాళ్ల మాదిరి. దొంగ మొహం తెలుసుకుని, ఆ మొహం కోసమే తిరుగుతుంది. రెండోది కరియ మాదిరి. దానికి దొంగ ఎవరైతే ఏం. కనబడిన ప్రతి కణాన్నీ ముట్టుకుంటుంది, మన గుర్తు ఉందా అని తడుముతుంది. ఉంటే వదిలేసి పక్కదాని దగ్గరికి పోతుంది. లేకపోతే అక్కడే చంపేస్తుంది."

"ఏ తప్పూ చేయకున్నా?" అంది రామాంజినమ్మ.

"గుర్తు ఎందుకు పోతుందో విను. ఈ జబ్బు పురుగులు కణంలోకి దూరి దాక్కుంటాయి. దూరినా, వాటి ఆనవాలు ఆ గుర్తుమీదనే పైకి తేలుతుంది. పోలీసులు పట్టుకునేది దాన్ని చూసే. అందుకని అమ్మ పోయించే జాతి పురుగుల్లో కొన్ని చాలా తెలివిగా ఆ గుర్తునే లోపలికి దాచేస్తాయి. అప్పుడు పోలీసులకు దొరకవు."

"కుక్కకు దొరుకుతాయి" అన్నాడు ఓబన్న. అనుకోకుండా అన్నాడు. అందరూ తనవైపు చూసేసరికి తడిక దిక్కు తిరిగాడు.

"అంతే నాయనా. ఇది తెలిసి పదేళ్లయిందేమో, ఇంకా వెతుకుతూనే ఉన్నారు. గుర్తు లేకపోవడం ఒక్కటే చాలదు, జబ్బుపడిన కణం చేసే ఏదో సడి కూడా తోడు కావాలంటారు. ఆ పిల్ల అరిచి పరుగెత్తింది చూడు, అట్లా. గుర్తుంటే మాత్రం, ఎంత సడి చేసినా చాలాసార్లు వదిలేస్తుంది."

రామాంజినమ్మ ఊచలకు నుదురు ఆనించింది. అమ్మ పోసినప్పటినుంచి ఆమె మనసులో ఒక ప్రశ్న ఉంది. నలుగురినీ పది రోజుల్లో వదిలిన తల్లి తనను ఎందుకు వదలలేదు, ఏ మొక్కు మరిచానని. ఆ ప్రశ్న ఇప్పుడు ఎక్కడికో జారిపోయింది. దాని చోట ఇంకో మాట వచ్చి కూర్చుంది.

"అంటే నా దొడ్డికి కుక్క లేదు" అంది.

"లేదు తల్లీ."

"అందుకే ఈ తలుపు."

"అందుకే" అంది డాక్టరమ్మ. ఊచలమీదున్న ఆమె వేళ్లను ఒకసారి నిమిరి, వెంటనే తన తప్పు గుర్తొచ్చి చెయ్యి తీసుకుంది. "కాని తల్లీ, నేనూ సరిగ్గా చెప్పలేదు. కడుక్కోమన్నది మనుషుల దగ్గరినుంచి వచ్చేవి. నీకు భయం మనుషుల జబ్బులతో. గొర్రె మూతికి పుండ్లుంటే దాన్ని ముట్టుకోవద్దు. తక్కిన గొర్రెలతో నీకు అంత భయం లేదు."

ఓబన్న దగ్గరికి వచ్చాడు. "అంతా బాగుండాది డాక్టరమ్మా. కుక్కకు సర్టిఫికెట్ రాసిచ్చి పోతారా? రేపు మందలో ఇంకో పిల్ల పోతే ఎవరిని అడగాల?"

ఆ మాటకు జవాబు గోడ అవతలినుంచి రంగక్క చెప్పింది. ఆమెకు ఉన్నదల్లా ఒక గొర్రె, దాని వారం నాటి పిల్ల. ఆ పిల్లను చంకన పెట్టుకుని వచ్చింది.

"ఇది మీ దొడ్డిది కాదు గదా. మీ కుక్క దీన్ని ఎప్పుడూ చూసింది లేదు. దీనికి మీ వాసన పూసి ముందర పెట్టండి. పట్టిందనుకో, ఓబన్నా, నీ గొడ్డలి నీకుండాది. ఇడిసిందనుకో, ఆ తాడు ఇప్పేయాల."

"అక్కా, నీకుండేది అదొకటే గదా" అన్నాడు హొన్నూరప్ప.

"కిటికీలో ఆ ఆడబిడ్డ నిన్నటినుంచి సంగటి ముట్టలేదప్పా. పెట్టింది పెట్టినట్టే పారేస్తాండాను. నీ మాటలు కట్టిపెట్టి కంబళి తే."

హొన్నూరప్ప దొడ్డి మట్టి గుప్పెడు తీశాడు. రంగక్క తెచ్చిన పిల్లను తన మోకాళ్ల మధ్య పెట్టుకుని వీపు, పొట్ట, మెడ అంతా పూశాడు. పాత కంబళి తెచ్చి, పసిబిడ్డ తల తుడిచినంత నెమ్మదిగా తుడిచాడు. ఓబన్న తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకుని, కాలు తన్నిపెట్టి నిలబడ్డాడు. రామాంజినమ్మ మాత్రం కళ్లు మూసుకోలేదు. మొన్న చూసిన కళ్లే ఇదీ చూడాలనుకుంది.

హొన్నూరప్ప పిల్లను కరియ ముందు దించి చేతులు తీసేశాడు.

కరియ మెడ వాసన చూశాడు. పొట్టకింద చూశాడు. పిల్లకు భయమేసి గట్టిగా అరిచి, కాళ్లు తడబడుతూ పక్కకు దూకింది. ఓబన్న చేతి నరాలు ఉబ్బాయి. కరియ ఒక చెవి మాత్రం ఆడించాడు. ఇంకోసారి ముక్కు చాపి, వచ్చిన పని అయిపోయినవాడి మాదిరి వెనక్కు తిరిగి, చక్రం నీడలో చుట్టుకుని పడుకున్నాడు. మూడు రోజులకు అప్పుడు వాడికి నిద్ర పట్టింది.

రంగక్క పిల్లను ఎత్తుకుని, దాని ఒంటి మట్టి దులపబోయి, ఆగి, అట్లాగే చంకన పెట్టుకుంది. ఓబన్న కూర్చుని తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. తానే బిగించిన ముడి, వేళ్లకు చిక్కలేదు. పళ్లతో విప్పాడు. తర్వాత గొడ్డలి తీసుకుపోయి కట్టెల దగ్గర పెట్టాడు. డాక్టరమ్మ జీపెక్కుతూ, వేపమండలు కట్టిన ఇల్లు ఏదని అడిగి, అటు వెళ్లింది. గొళ్లెం మాత్రం వేసినట్టే ఉంది. అది వేసే ఉండాలి.

మరునాడు పొద్దు పొడవకముందు రామాంజినమ్మ లేచి చెయ్యి బయటికి చాపింది. కరియ వచ్చాడు. వేళ్ల కొసలు వాసన చూశాడు. అరచెయ్యి చూశాడు. మణికట్టు దాకా పోయి మళ్లీ వేళ్ల దగ్గరికి వచ్చాడు. ఇన్ని రోజులూ వాడు అలవాటు కొద్దీ వచ్చి పోతున్నాడనుకుంది గాని, ఆ పొద్దు ఆమెకు కనబడింది, వాడూ వెతుకుతున్నాడని. తల ఎత్తి ఆమె మొహంలోకి చూశాడు. చుక్క ఒంటిమీది సబ్బు వాసనే తగిలిందేమో, ముక్కు ఆనించకుండా, అరడుగు వెనక్కు వేసి, అక్కడే నిలబడ్డాడు. కరవలేదు, గుర్రుమనలేదు. పోనూ లేదు.

ఆమె చెయ్యి వెనక్కు తీసుకోలేదు. దొడ్లోంచి ఓబన్న వస్తున్నాడు, రాత్రి కప్పుకున్న కంబళి మడిచి భుజాన వేసుకుంటూ. మూడు రోజులుగా చెల్లెలి మొహం సూటిగా చూడనివాడు, కిటికీ దాటిపోబోయి, చాచిన చెయ్యి చూసి ఆగాడు.

"ఏంది, ఏమన్నా కావల్లనా?" అన్నాడు.

"ఒక సాయం చేస్తావా అన్నా" అంది రామాంజినమ్మ. "నన్ను బయటికి ఇడవమని అడగను. అమ్మ దిగేదాకా గొళ్లెం తీయమనీ అడగను. నువ్వు మందలోనుంచి వచ్చినాక, దినామూ ఈ కంబళి ఒక గడియసేపు నా కిటికీ ఊచలకు తగిలించి పో. నేను చేతులు తుడుసుకుంటాను."